కోసిన గుడ్డకు రఫ్ఫు

సింగపూర్‌లో ఉన్నన్నాళ్ళూ నేను చేసిన బేరాలన్నిటిలోకీ ఘనమైనది ఒకటుంది. ఒక పెద్దావిడ సూది, బ్లేడు పట్టుకుని ఏడాదిపాటు కూర్చుని చేసిన పనిని పది రోజుల్లో, అదీ సగం ధరకు, ఆనవాలు లేకుండా చెరిపించాను. చెరిపినాయన మొదట నూట ఇరవై డాలర్లు అడిగాడు. అరవైకి దించాను. ఇంకెవరైనా అయితే అడిగినంతా ఇచ్చి పాడు చేయించుకునేవాళ్ళు. నేను చీరాల బట్టల కొట్టు పిల్లని. పాడు చేయించినా గిట్టుబాటు చూసుకుంటాను.

మా వీధిలో కొట్లన్నీ మావాళ్ళవే. నాన్నది ఒకటి, ఎదురుగా పెదనాన్నది, మూల మీద మేనమామది. పెళ్ళిళ్ళలో ఒకే పంక్తిలో కూర్చుని భోంచేసినా, పొద్దున షట్టర్లు ఎత్తాక ఒకరి కొట్టు మెట్టెక్కబోయే మనిషిని ఇంకొకరు పిలిచి లాక్కునేవాళ్ళు. పలక కంటే ముందు నా చేతికి మీటరు కర్ర వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ మగ్గాల మీద అప్పట్లో ఎగుమతి రుమాళ్ళు నేసేవాళ్ళు. పేరుకు రుమాలు గాని ఒక్కొక్కటీ మనిషిని చుట్టబెట్టేంత ఉండేది. ముదురు ఎరుపు, నీలం, తెలుపు గళ్ళు. ముట్టుకుంటే గంజి బిరుసు, ముక్కు దగ్గర పెట్టుకుంటే రంగు వాసన. అవి మద్రాసు వెళ్ళి, ఓడెక్కి ఆఫ్రికా పోతాయని మాకు తెలుసు. అక్కడివాళ్ళు వాటిని ఏం చేసుకుంటారో మా వీధిలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. డబ్బు వస్తోంది కదా, ఇక అడగడం దేనికి.

తనిఖీలో పోగు తప్పినవీ తెగినవీ పక్కన పడేసేవాళ్ళు. అవే మా కొట్టుకి వచ్చేవి. వెనక గదిలో ఒకాయన కూర్చుని వాటికి రఫ్ఫు చేసేవాడు. అంటే గుడ్డ అంచునుంచి పోగులు లాగి, తెగినచోట సూదితో ఎక్కించి, మగ్గం మీదే నేశారనిపించేలా కలపడం. రఫ్ఫు అయిన ముక్క మంచి ధరకు పోయేది, కానిది తువ్వాలుగా పోయేది. ఆ విధంగా నా కళ్ళు తయారయ్యాయి. గుడ్డలో సందు కనబడితే చాలు, అది నాకు ధర పడిపోయే చోటు.

ఈ కళ్ళు పెట్టుకునే కంప్యూటర్ కోర్సు చేసి సింగపూర్ వెళ్ళాను. కంప్యూటర్లకు రెండువేల సంవత్సరం గండం గడిచిపోయి, ఇంటర్నెట్ కంపెనీల పిచ్చి ఇంకా దిగని రోజులవి. నాలుగు ముక్కలు ప్రోగ్రాం రాయడం వస్తే చాలు, విమానం టిక్కెట్టు పంపి పిలిచేవాళ్ళు. మా ఆఫీసు తంజోంగ్ పగార్‌లో. కిటికీలోంచి రేవు క్రేన్లు కనబడేవి. ఓడల సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మా పని. నేనూ హైదరాబాద్ అమ్మాయి ఒకతీ కలిసి సెంగ్‌కాంగ్‌లో ఒక గది తీసుకున్నాం. అక్కడికి రైలు ఇంకా రాలేదు. ఆఫీసు చేరేసరికి బస్సులోనే ఒక నిద్ర అయిపోయేది.

మేం రాసిన ప్రోగ్రాంలు సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూసే బృందానికి పెద్ద ఒక నైజీరియా ఆవిడ. లండన్‌లో పనిచేసి కాంట్రాక్టు మీద వచ్చింది. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఆఫీసులో అందరూ అందరినీ పేరు పెట్టి పిలిచేవాళ్ళు. నాకు నోరు రాలేదు. ఆంటీ అన్నాను. ఆవిడ ముఖం విప్పారింది. వాళ్ళ ఊళ్ళోనూ పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలిస్తే చెంప పగులుతుందట. ఆ రోజు నుంచీ నేను ఆవిడకు సిస్టర్‌ని. మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషే అయినా, నాకు మాత్రం ఎందుకో తెలుగులోనే గుర్తుండిపోయింది.

మమ్మల్ని నిజంగా కలిపింది చేపల బజారు. శనివారం పొద్దున్నే అక్కడ ఆవిడ బేరమాడుతుంటే చూశాను. ముందు చేపను తిడుతుంది, తరవాత అమ్మేవాడి మీద జాలి చూపిస్తుంది, తరవాత వెళ్ళిపోతుంది, మూడు అడుగులేసి ఆగుతుంది. అచ్చం మా మేనమామే. వాళ్ళు కలబారి అనే తెగవాళ్ళట. నైజర్ నది సముద్రంలో కలిసేచోట, మడ అడవుల మధ్య దీవుల్లో ఉంటారు. తాతలనాటి నుంచీ పడవల మీద వ్యాపారం. బుగుమా అని వాళ్ళ ఊరు. ఆవిడ చెబుతుంటే నాకు అక్కడికి పోవాలనిపించేది. పోటు వచ్చినప్పుడు ఇళ్ళ వెనక దాకా నీళ్ళు వస్తాయట. నీళ్ళలో ఉండే దేవతలు పండగకి ఒడ్డెక్కి వస్తే, వాళ్ళ బదులు మనుషులు ముసుగులు కట్టి ఆడతారు. ఆ ముసుగు ముఖానికి కాదు, నెత్తిమీద ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది. చూడాల్సింది మనుషులు కాదు గనక. ఆఖర్న ఆటగాడికి ఒక పరీక్ష ఉంటుందట. డోలు ఒక్కో దేవత పేరూ మోతలోనే పిలుస్తుంది. పిలిచిన దేవత గుడి ఎటుందో అతను వెంటనే చెయ్యి చాపి చూపించాలి. ఒక్కటి తప్పు చూపితే జన్మంతా తలవంపు.

"మరి తప్పితే ఏం చేస్తారు ఆంటీ?"

"ఏమీ చెయ్యరు సిస్టర్. గుర్తుంచుకుంటారు."

ఆ మార్చిలో వాళ్ళమ్మ పోయింది. ఫోను వచ్చిన రోజే ఆవిడ బయల్దేరుతుందనుకున్నాను. లేదు. వాళ్ళలో చావు ఇంటికి తొందర లేదు. శవాన్ని ఆసుపత్రిలో భద్రపరిచి, పిల్లలూ చుట్టాలూ ఏ దేశంలో ఉన్నా అందరూ చేరేదాకా వారాలు ఆగుతారు. అప్పుడు పోయినవాళ్ళ గౌరవార్థం ఇంట్లో గదుల్లో మంచాలు అలంకరిస్తారు. అలంకరణంటే పూలు కాదు, గుడ్డలు. వంశంలో తరాలుగా పెట్టెలో దాచిన గుడ్డలు తీసి, పొరలు పొరలుగా మడతలు పేర్చి, ఒక్కో మంచానికి ఒక్కో రకం. వచ్చిన ఆడవాళ్ళు ఏడుస్తూనే మంచాలను పరీక్షగా చూస్తారు. ఎవరింట్లో ఏ గుడ్డ ఉండాలో అందరికీ తెలుసు. పెద్దకూతురి పెళ్ళికి వాళ్ళమ్మ ఇచ్చిన గుడ్డ ఒకటుంది. అది మంచం మీద పైపొరగా పరవాలి. పెద్దకూతురు ఈవిడే. ఆ గుడ్డ ఈవిడతో దేశాలు తిరిగి, సింగపూర్ ఫ్లాట్‌లో అలమారలో ఉంది.

ఒక సోమవారం దాన్ని కవర్లో పెట్టి ఆఫీసుకు తెచ్చింది. ఇక్కడి తేమకు ఒక మూల బూజు మరక పట్టిందట. "మీది గుడ్డల ఇల్లు కదా. నీ చేతికైతే ఇవ్వగలను. ఈ మరక తీసి పెట్టు. నేనిప్పుడు దాన్ని చూడలేను" అంది. ఇంకేం చెప్పలేదు. గుడ్డల ఇంటి పిల్లకు గుడ్డ గురించి చెప్పడం దేనికనుకుని ఉంటుంది.

ఇంటికెళ్ళి విప్పాను. అది మా గుడ్డే. మా ఊరి గళ్ళ రుమాలు, రెండు నిలువు ముక్కలు మధ్యలో కలిపి కుట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇన్నేళ్ళకీ ఆ వాసన పోలేదు. పోతే, గుడ్డ నిండా సందులు. ఎక్కడికక్కడ పడుగులోంచి తెల్లపోగులు లేవు, పేకలోంచీ లేవు. వెలుతురుకు పడితే జల్లెడలా ఉంది. నాకు సిగ్గేసింది. మావాళ్ళు ఎవరో పోగు తప్పిన సరుకు ఓడెక్కించి ఈ అమాయకులకు అంటగట్టారు, వాళ్ళు దాన్నే పెళ్ళికీ చావుకీ వాడుకుంటున్నారు అనుకున్నాను. సందులు ఒక వరసలో, ఒక లెక్క ప్రకారం ఉన్నాయి. అదీ చూశాను. మగ్గం అచ్చులో పుల్ల విరిగినా పోగు వరసగానే తప్పుతుంది కదా అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. ఏమీ తెలియనిదైతే ఆవిణ్ణి అడిగేది. నాకు తెలుసు గనక అడగలేదు.

మరకను నిమ్మరసం రాసి, కిటికీ బయట వెదురు కర్రకు ఆరేసి, రెండు ఎండల్లో నేనే వదిలించాను. ఆ తరవాత దాన్ని సెరంగూన్ రోడ్డు పక్కసందులో వరండాలో కూర్చునే రఫ్ఫు ఆయన దగ్గరికి పట్టుకెళ్ళాను. తమిళ అంకుల్, ముక్కు చివరికి జారిన కళ్ళజోడు. గుడ్డ చూసి నూట ఇరవై అన్నాడు. నేను నవ్వి, మా కొట్లో ఇలాంటివి రోజుకు రెండు చేయించేవాళ్ళం అన్నాను. తొంభై అన్నాడు. మడిచి సంచిలో పెట్టుకున్నాను. చివరికి అరవై దగ్గర ఆయన నిట్టూర్చాడు. "ఆ రేటుకు ఆ రేటు పనే వస్తుందిమా" అన్నాడు. ఆ మాట అనని కొట్టువాడు ఈ భూమ్మీద ఉన్నాడా? నాన్న రోజుకు ఇరవైసార్లు అనేవాడు. నేను లక్ష్యపెట్టలేదు.

పది రోజులకు తీసుకున్నాను. ఆయన పైమడత ఎత్తి చూపించాడు. వేలితో రుద్దాను, గోరు పెట్టి చూశాను. ఒక్క సందు లేదు. నేసిన రోజున ఎలా ఉండేదో అలా ఉంది. అవతల బస్సు వచ్చేస్తోంది. డబ్బులిచ్చి పరిగెత్తాను.

సాయంత్రం మా గదిలో హైదరాబాద్ అమ్మాయికి చూపించాను, గర్వంగా, కథంతా చెప్పి. ఆమె మెచ్చుకోలేదు. గుడ్డ మీద చెయ్యి కూడా వేయలేదు.

"ఆమె మరక తీయమన్నది. బొక్కలు పూడ్చమన్నదా?"

"సర్‌ప్రైజ్ చేద్దామనీ..."

"మా నానీ దుపట్టాకు ఎవరన్న గిట్ల అడగకుండ సూది పెడితే, ఆమె చేతులు ఇరగ్గొడ్తుండె" అని, నా ముఖం చూసి, "సరే తీ, ఆమె ఖుషీ అయితదేమో" అంది.

ఆ 'ఏమో' రాత్రంతా నా పక్కలో పడుకుంది.

మర్నాడు మంగళవారం. గుడ్డ సంచిలో నా బల్ల కింద ఉంది. భోజనం చేసి వచ్చాక ఇద్దామని. తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్టు పెట్టి బల్ల పట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. శనివారం ఆవిడ విమానం. ఆ మధ్యాహ్నం ఆవిడకు మాట్లాడాలనిపించింది. వాళ్ళమ్మ ఆ గుడ్డ కోస్తుంటే తను పక్కన కూర్చుని చదువుకునేదట.

కోయడమేమిటని అడిగాను.

అప్పుడు చెప్పింది. మీ దేశం నుంచి వచ్చిన గళ్ళ గుడ్డను మేం ఇంజిరి అంటాం. పుట్టిన బిడ్డను పడుకోబెట్టేది దాని మీదే. కానీ అది వచ్చినట్టు ఉన్నంతకాలం మీ గుడ్డే. మా ఆడవాళ్ళు కూర్చుని, సూదిమొనతో ఒక్కో పోగునూ ఎత్తి, బ్లేడుతో కోసి, మెల్లగా లాగి తీసేస్తారు. తీసినచోట ముగ్గు పడుతుంది. చేప మొప్పలని ఒకటి, తాబేలు ఎముకని ఒకటి. అప్పుడది పెలెటె బిటె, అంటే కోసిన గుడ్డ. అప్పుడే అది మాది. ఒక్క పోగు తప్పు కోస్తే వరసంతా పన్ను ఊడిన నోరులా ఉంటుంది. మా అమ్మ తప్పు కోయడం నేను చూడలేదు. పొద్దుటి వెలుతురులో, గుమ్మంలో కూర్చుని మాత్రమే కోసేది. నా గుడ్డకు ఏడాది పట్టింది.

"నువ్వు విప్పి చూశావుగా. ఎలా ఉంది?" అని అడిగింది.

"చాలా బాగుంది ఆంటీ" అన్నాను.

నా పళ్ళెంలో నూడుల్స్ ముద్దకట్టుకుపోయాయి. రేపు తెస్తావా అంటే, ఇంకా కొంచెం తేమ ఉంది, ఎండ సరిగ్గా లేదన్నాను. అప్పుడు బయట మండిపోయే ఎండ.

ఆ మధ్యాహ్నం నేను రాసిన ప్రోగ్రాం ఏదో ఓడ సరుకంతా లెక్కల్లో ఇంకో రేవులో దించేసింది. ఆవిడే పట్టుకుని, నవ్వి, నా బల్ల దగ్గరికి వచ్చి చూపించింది. సంచికి ఆవిడ కాలు తగిలింది. నేను కీబోర్డు మీద గట్టిగా కొట్టాను.

బుధవారం ఒంట్లో బాగాలేదని చెప్పి రఫ్ఫు ఆయన దగ్గరికి పోయాను. ఎక్కించిన పోగులు తీసేయమన్నాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి నన్ను చూశాడు, గుడ్డను కాదు. "ముడియాదుమా, కుదరదు. అవి ఆ గుడ్డ అంచునుంచి లాగిన పోగులే. నేను పెట్టింది ఏదో నాకే కనబడకూడదు. కనబడితే మీరు డబ్బులిస్తారా?" అన్నాడు. అలవాటు కొద్దీ నా నోరు, "ఎంతవుతుందో చెప్పండి" అంది. ఆయన ధర చెప్పకుండా తల పక్కకు తిప్పుకున్నాడు. అరవైకి చేయగలిగినంత చేశానని గొణిగాడు. దెప్పుతున్నాడనుకున్నాను.

తిరుగు బస్సులో అబద్ధాలు తయారుచేశాను. లాండ్రీవాళ్ళు పోగొట్టారని ఒకటి. బస్సులో ఎవరో ఎత్తుకుపోయారని ఒకటి. పోయిందంటే ఆవిడ ఏడుస్తుంది, కానీ నా మీద కోపం రాదు. దేన్ని పాడుచేశానో కంటే, నేను చేశానని తెలియకపోవడమే ముఖ్యమన్నట్టు లెక్కలు వేశాను. ఏ అబద్ధానికైనా ఒక చిక్కు ఉంది. ఆవిడ ఖాళీ చేతులతో ఆ గదిలోకి నడవాలి. మంచం చుట్టూ ఆడవాళ్ళు. పెద్దకూతురు తేవాల్సింది ఏదని ఎవరూ అడగరు. గుర్తుంచుకుంటారు.

ఫోను కార్డు కొని నాన్నకు చేశాను. మొత్తం విని, ముందు ధర అడిగాడు.

"అరవై."

"ఎంతనుంచి?"

"నూట ఇరవై."

"బానే కొట్టావే" అన్నాడు. కార్డులో నిమిషాలు కరిగిపోతున్నాయి. "అమ్మాయ్, మన చేతిలో పార్టీ గుడ్డ పాడైతే కొట్లో ఏం చేస్తాం?"

నాకు తెలుసు. మా కొట్లో అదొక్కటే దేవుడి మీద ప్రమాణం లాంటి పద్ధతి. గుడ్డ తెచ్చిన పార్టీ అడక్కముందే, లైటు వేసి, గుడ్డను చివరిదాకా కౌంటరు మీద పరిచి, తప్పు ఎక్కడుందో మన వేలితో మనమే చూపించాలి. నాన్న ఎన్ని అబద్ధాలాడినా ఆ ఒక్క చోట ఆడగా చూడలేదు.

"మడతపెట్టి మాత్రం చేతికివ్వకు" అని పెట్టేశాడు.

గురువారం ఆఫీసయ్యాక ఆవిడ ఫ్లాట్‌కి వెళ్ళాను. గది మధ్యలో పెట్టె తెరిచి ఉంది. సగం సర్దింది. నన్ను చూసి, "తెచ్చావా" అని చేతులు చాపింది. ఇవ్వలేదు. లైటు వేయమన్నాను. మంచం మీద ఉన్న బట్టలన్నీ ఒక పక్కకు జరిపి, గుడ్డ విప్పడం మొదలుపెట్టాను. చెప్పాల్సింది కూడా విప్పుతూనే చెప్పాను. మా వెనక గది, తెగిన సరుకు, రఫ్ఫు, ఆయన, బేరం. ఒక్కటీ దాచలేదు. దాచడానికి చేతులు ఖాళీ లేవు. మొదటి నిలువు పరిచేసరికి ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను ఆపకుండా రెండో నిలువు విప్పాను.

సందులున్నాయి.

కుట్టుకు ఇవతల గుడ్డ కొత్త రుమాలులా మూసుకుపోయి ఉంది. కుట్టుకు అవతల వాళ్ళమ్మ కోసినది కోసినట్టే ఉంది, వరసలు వరసలుగా, లైటు కింద దుప్పటి తెలుపు అందులోంచి కనబడుతూ. ఆ రేటుకు ఆ రేటు పనే వస్తుందని ఆయన నిజంగానే చెప్పాడు. అరవైకి సగం చేసి, చేసిన వైపు పైకి మడిచి ఇచ్చాడు. ఊరందరికీ గుడ్డ చివరిదాకా విప్పి చూసుకోమని చెప్పే దాన్ని, అప్పటిదాకా విప్పలేదు.

ఆవిడ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. కోసిన వైపు నుంచి వేలు పెట్టి నడిపించుకుంటూ వచ్చి కుట్టు దగ్గర ఆగింది.

"నువ్వు బేరమాడకపోతే నాకు ఏమీ మిగిలేది కాదన్నమాట" అంది. నవ్వింది కూడా. అలాంటి నవ్వు మళ్ళీ వినకూడదనుకున్నాను. కాసేపటికి, "ఒక్కసారి నన్ను అడగాలనిపించలేదా సిస్టర్?" అంది.

మా ఊరి తెగిన సరుకనుకున్నానని మళ్ళీ చెప్పాను.

"మా అమ్మ పని నీకు చిరుగులా కనబడింది."

అవునన్నాను.

ఆవిడ నన్ను పొమ్మనలేదు, కూర్చోమనలేదు. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చింది. ఇలా తీసుకెళ్ళలేను అంది. సగం మూసుకున్న గుడ్డ పరిస్తే, పెద్దకూతురు పైదేశాల్లో దీనికి ఏం పట్టించిందో చూడండి అంటారు. పరవకపోతే తేలేదంటారు. కోయడం తనకు రాదు. నేర్చుకుంటానంటే వాళ్ళమ్మ పుస్తకం చేతికిచ్చి దూరంగా కూర్చోబెట్టేదట. నీ కళ్ళు దీనికి కాదు అనేదట.

"రేపు సెలవు పెట్టు. సూదులూ బ్లేళ్ళూ తీసుకుని పొద్దున్నే రా" అంది. అది క్షమించడం కాదు, పని అప్పగించడం. నాకు అదే ఊరట.

శుక్రవారం పొద్దున కిటికీ పక్కన గుడ్డ పరుచుకుని కూర్చున్నాం. వాళ్ళమ్మ సగాన్ని చూస్తూ ఈ సగంలో కోయాలి. పోగులు లెక్కపెట్టడం నాకు చేతనవును. ఇన్ని ఎరుపులు వదిలి, ఇన్ని తెలుపులు తీసి, మళ్ళీ ఇన్ని వదిలి. ఎక్కించిన పోగు ఏదో తెలియదు గనక, అవి పోయి సొంత పోగులు ఉండిపోయాయో, సొంతవి పోయి ఎక్కించినవి ఉండిపోయాయో ఇప్పటికీ చెప్పలేను. ఆవిడ సూదితో ఎత్తి పట్టుకునేది, నేను కోసేదాన్ని. మొదటి పోగుకే నా బ్లేడు జారి పక్కది కూడా తెగింది. ఇద్దరం దాన్ని చూశాం. ఆవిడ తరవాతి పోగు ఎత్తింది. ఎక్కడైనా నేను తటపటాయిస్తే, డోలు పిలిచిందన్నట్టు, "చూపించు" అనేది. వేలు పెట్టి చూపించేదాన్ని. కొన్నిసార్లు తప్పు చూపించాను.

మధ్యాహ్నానికి వేళ్ళు బిగుసుకుపోయాయి. పొద్దుటి వెలుతురులో మాత్రమే కోయాలన్న నియమం మేం పాటించలేకపోయాం. సాయంత్రం దీపం వెలుగులోనూ కోశాం. వరసలు చివరికొచ్చేకొద్దీ ఒరిగాయి. ఒక మూల అలాగే వదిలేయాల్సి వచ్చింది. వాళ్ళమ్మ సగంలో చేప మొప్పలు ఊపిరి తీసుకుంటున్నట్టుండేవి. మా సగంలోవి, నిజం చెప్పాలంటే, బజారులో ఐసు మీద పెట్టినవి.

శనివారం ఆవిడ వెళ్ళిపోయింది. నెలపాటు ఒక్క కబురు లేదు. మా గది అమ్మాయి, "అంత అయితే ఆమెనే ఫోన్ చేస్తుండె గదా, పడుకో" అనేది. ఫోను మోగితే ఉలిక్కిపడేదాన్ని, మోగకపోతే రిసీవరు ఎత్తి చూసేదాన్ని. ఆఫీసులో ఆవిడ కుర్చీ మీద ఎవరో ఫైళ్ళు పెడితే తీసి కింద పెట్టాను.

తిరిగొచ్చిన వారం చేపల బజారులో చెప్పింది, చేప మొప్ప ఎత్తి చూస్తూ. మంచం మీద గుడ్డ పరుస్తుంటే, వాళ్ళమ్మతో కలిసి కూర్చుని కోసిన ముసలావిడ ఒకామె వచ్చిందట. వేలితో తడుముకుంటూ వచ్చి, కుట్టు దాటి, మా సగంలో ఆగింది. ఎవరినీ ఏమీ అడగలేదు. గుడ్డను కుట్టు దగ్గర మడిచి, మా సగాన్ని పరుపు కిందికి దోపి, వాళ్ళమ్మ సగాన్ని పైకి సర్ది, బోర్లించిన అరచేత్తో ఒకసారి నిమిరి వెళ్ళిపోయింది. వచ్చినవాళ్ళందరూ మంచాన్ని మెచ్చుకున్నారు. చివరి రోజు ఇంటి ఆడవాళ్ళు ఆ గుడ్డలు కట్టుకుని వీధుల్లో ఆడుతూ తిరగాలి. కట్టుకుంటే రెండు సగాలూ కనబడతాయి. ఈవిడ అక్కచెల్లెళ్ళ దగ్గర వేరేది అడిగి కట్టుకుంది.

నష్టం ఎంతో చెప్పమని అడిగాను. ఆవిడ వ్యాపారుల ఇంటి పిల్లే గనక మొహమాటపడలేదు. పెట్టెలో పెట్టడానికి కోయని కొత్త రుమాళ్ళు రెండు కావాలంది, మీ ఊరివే. ఆ మగ్గాలు అప్పటికి చాలావరకు ఆగిపోయాయి. నాన్న తిరిగి తిరిగి, నేసేవాళ్ళను పట్టుకుని నేయించి పంపాడు. కూతురినని ఒక్క రూపాయి తగ్గించలేదు.

కాబట్టి మొత్తం బిల్లు ఇది. రఫ్ఫుకు అరవై డాలర్లు. సూదులు, బ్లేళ్ళకు ఏడు. ఫోను కార్డు పది. కొత్త రుమాళ్ళకు, వాటి పార్సిలుకు కలిపి నూట నలభై. ఒక రోజు జీతం. అన్నీ కూడితే ఆ రోజుల్లో నా నెల సంపాదనలో పదోవంతు, అంతే. ఇది నా వైపు. ఆవిడ వైపు ఒకటే పద్దు ఉంది. వాళ్ళమ్మ కోసిన గుడ్డలు ఆ కుటుంబంలో మూడుండేవి. ఇప్పుడు రెండున్నర ఉన్నాయి.